ఊపిరితిత్తుల వార్డులో నిండు నిమిషం: నా అనుభవం

నర్సింగ్ చదువు పూర్తయ్యాక రెండేళ్లు శస్త్రచికిత్స వార్డులో పనిచేసి, ఆ తరువాత ఊపిరితిత్తుల వార్డుకు మారాను. జ్వరం, నాడి, రక్తపోటు, శ్వాస వేగం, ఆక్సిజన్ శాతం చార్టులో నింపడం అప్పటికే చేతికి అలవాటైన పని కాబట్టి, కొత్త వార్డులో నేర్చుకోవలసింది మాస్కులూ యంత్రాలూ మాత్రమేనని అనుకున్నాను. మూడో రోజు ఉదయం మా సీనియర్ సిస్టర్ నా చార్టులన్నీ వరుసగా తిరగేసి, ఒక మంచం దగ్గర ఆగి, “ఈయన శ్వాస 20 అని రాశావు. ఎంతసేపు లెక్కపెట్టావమ్మా?” అని అడిగారు. నేను లెక్కపెట్టలేదు. ఆ ఉదయం చూసిన 14 మందిలో 11 మందికి 20 అనే రాశాను. నాడినీ ఆక్సిజన్‌నూ రక్తపోటునూ యంత్రం చూపిస్తుంది. మా వార్డులో శ్వాసను మాత్రం మనిషే చూసి లెక్కపెట్టాలి. అందుకే ఆ ఒక్క గడినీ చూపుతో అంచనా వేసి నింపేయడం నాకు తెలియకుండానే అలవాటైపోయింది.

ఆవిడ నన్ను మందలించలేదు. రోగి మణికట్టును నా చేత పట్టించి, నాడి చూస్తున్నట్టే నిలబడి, చూపు ఛాతీ మీద ఉంచి నిమిషం పూర్తయ్యేదాకా లెక్కపెట్టమన్నారు. ఊపిరిని ఎవరో గమనిస్తున్నారని తెలిస్తే మనిషి తెలియకుండానే దాన్ని మార్చుకుంటాడు కనుక, ఆ సంగతి రోగికి ముందుగా చెప్పకూడదు. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడం కూడా ఆవిడ ఒప్పుకోలేదు, ఎందుకంటే జబ్బుపడిన ఊపిరి సమంగా నడవదు. కాసేపు పరుగెత్తి కాసేపు ఆగుతుంది. ఆ నిమిషంలో నాకు వచ్చిన లెక్క 32. పెద్దవాళ్లకు విశ్రాంతిలో ఉండవలసినది 12 నుంచి 20 వరకే. వేలికి తగిలించిన పల్స్ ఆక్సీమీటర్ అప్పటికీ 95 చూపిస్తూనే ఉంది. సాయంత్రానికి ఆయన ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగమంతా న్యుమోనియా కనిపించింది.

95 అంటే బాగున్నట్టే కదా అన్న నా అనుమానానికి ఆవిడ ఆ రోజు మధ్యాహ్నం కాగితం మీద ఒక గీత గీసి సమాధానం చెప్పారు. రక్తంలో ఆక్సిజన్ పీడనం తగ్గుతున్నా హీమోగ్లోబిన్ చాలాసేపు ఆక్సిజన్‌ను వదలకుండా పట్టుకునే ఉంటుంది. పీడనం 60 మిల్లీమీటర్ల దగ్గరికి పడిపోయేసరికి కూడా ఆక్సీమీటర్ సుమారు 90 చూపిస్తుంది. అక్కడినుంచి మాత్రం గీత నిలువుగా జారిపోతుంది. ఆ జారుడు మొదలయ్యే లోపు శరీరం తనను తాను కాపాడుకోవడానికి చేసే పని ఊపిరి వేగాన్ని పెంచడం. అంటే వేలికి తగిలించిన యంత్రం నిశ్చింతగా ఉన్న ఆ గంటల్లోనే ఛాతీ మనకు కబురు చెబుతూ ఉంటుంది. పైగా ఆ యంత్రం ఎరుపు, పరారుణ కాంతులు వేలిలో ఎంతెంత ఇంకిపోతున్నాయో పోల్చి లెక్క కడుతుంది కాబట్టి, చల్లబడిన వేళ్లూ గోళ్లరంగూ వణుకూ దాన్ని తప్పుదారి పట్టిస్తాయి, ముదురు రంగు చర్మం ఉన్నవారిలో ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు, పొగ పీల్చినవారిలో కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హీమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్ పట్టుకున్నదిగానే లెక్కేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, కార్బన్ డయాక్సైడ్ ఎంత పేరుకుందో అది చెప్పనే చెప్పదు. ఈ చివరి మాటను నేను విన్నాను కానీ, దాని బరువు ఎంతో ఒక రాత్రి డ్యూటీలో గానీ నాకు తెలియలేదు.

నిమిషంపాటు కదలకుండా నిలబడి చూడడం అలవాటైన కొద్దీ, లెక్కతోపాటు ఇంకెన్నో కనబడసాగాయి. ఊపిరి తీసినప్పుడల్లా మెడ కండరాలు తాళ్లలా తేలడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంటపడడం, ముక్కుపుటాలు ఎగిసిపడడం, ఒక్క దమ్ములో రోగి ఎన్ని మాటలు అనగలుగుతున్నాడన్నది, ఇవన్నీ ఆ నిమిషంలోనే దొరికాయి. పొద్దున పూర్తి వాక్యం చెప్పిన మనిషి మధ్యాహ్నానికి రెండేసి మాటలకు ఆగి ఊపిరి తీసుకుంటున్నాడంటే, చార్టులో అంకె ఏదైనా సరే, వెంటనే డాక్టరుకు తెలియజేయాలి.

పడక సరిచేయడం చిన్న పని అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని, తలవైపు మంచాన్ని ఎత్తేస్తే సరిపోతుందనుకున్నాను. నిజానికి తలవైపు ఎత్తిన కొద్దిసేపటికే రోగి కిందికి జారుతాడు. అప్పుడు ఒళ్లు తుంటి దగ్గర కాక పొట్ట దగ్గర మడతపడి, పొట్టలోని అవయవాలు ఉదరవితానాన్ని పైకి నెట్టి, కూర్చోబెట్టామన్న పేరే తప్ప ఊపిరికి చోటు మిగలదు. అందుకని ముందు రోగిని పైకి జరిపి, తుంటి సరిగ్గా మంచం మడతపడే చోటికి వచ్చేలా చూసి, మోకాళ్ల కింద భాగాన్ని కాస్త ఎత్తి, ఆ తరువాతే తలవైపు ఎత్తాలి. ఆయాసం మరీ ఎక్కువగా ఉన్నవారికి ముందు బల్ల జరిపి, దాని మీద రెండు దిండ్లు పెట్టి, మోచేతులు ఆనించి ముందుకు వాలమంటాం. చేతులకు ఆనిక దొరికితే భుజాల కండరాలు ఛాతీని ఎత్తడానికి సాయపడతాయి. మందు ఇంకా ఎక్కకముందే, కేవలం ఈ దిండ్ల వల్ల శ్వాస 36 నుంచి 30కి దిగడం నేను లెక్కపెట్టి చూశాను.

ఆక్సిజన్ కూడా ఒక మందేనని, డాక్టరు రాసిన మోతాదులోనే ఇవ్వాలని చదువుకున్నాం. అయితే చేతులారా ఇవ్వడంలో ఉన్న మెలకువలు వార్డులోనే పట్టుబడ్డాయి. ముక్కు గొట్టాలతో నిమిషానికి ఒకటి నుంచి ఆరు లీటర్ల దాకా ఇవ్వవచ్చు. మామూలు మాస్కు పెట్టాక మాత్రం అయిదు లీటర్లకు తగ్గించకూడదు, తగ్గిస్తే రోగి తాను వదిలిన గాలినే తిరిగి పీలుస్తాడు. సంచి ఉన్న మాస్కును ముఖానికి పెట్టే ముందు లోపలి కవాటాన్ని బొటనవేలితో మూసి సంచి ఉబ్బేదాకా ఆగాలి. ఉబ్బని సంచితో ఆ మాస్కు పెట్టడమంటే ఊపిరాడని మనిషి ముఖానికి ప్లాస్టిక్ అడ్డుపెట్టడమే. వెంచూరి మాస్కు వీటన్నిటికన్నా నిక్కచ్చి అయినది. దాని రంగు మూతి మీద ఎంత శాతం అని రాసి ఉంటుందో, అక్కడే రాసి ఉన్న లీటర్లు పెడితే, రోగి ఊపిరి ఎలా ఉన్నా దాదాపు అంతే శాతం అందుతుంది.

ఆ రాత్రి సంగతి చెప్పాలి. పొగతాగే అలవాటు వల్ల చాలా ఏళ్లుగా సీఓపీడీతో, అంటే ఊపిరిగొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బుతో, బాధపడుతున్న పెద్దాయన ఒకరు మా వార్డులో ఉన్నారు. ఆయన చార్టులో ఆక్సిజన్ శాతం 88 నుంచి 92 మధ్య ఉంచాలని స్పష్టంగా రాసి ఉంది, 24 శాతం వెంచూరి మాస్కు నడుస్తోంది. రాత్రి రెండు గంటలకు ఆక్సీమీటర్ 88 చూపించింది. అది ఆయనకు ఉండవలసిన హద్దులోనే ఉందని నాకు తెలుసు. అయినా ఆయన మగతగా “అమ్మా, దమ్ము చాలడం లేదు” అనేసరికి నా మనసు ఆగలేదు. ఆ మాస్కు తీసి మామూలు మాస్కుతో ఆరు లీటర్లు పెట్టాను. పది నిమిషాల్లో అంకె 97కు చేరింది, ఆయన ఆయాసం తగ్గినట్టే కనిపించింది, కాసేపటికి నిద్రలోకి జారుకున్నారు. మూడు రాత్రులుగా కంటిమీద కునుకు లేని మనిషి ఇప్పటికైనా పడుకున్నారని సంతోషించి, దీపం తగ్గించి, పక్క మంచం దగ్గరికి వెళ్లాను. శ్వాస లెక్కపెట్టలేదు.

మూడున్నరకు సీనియర్ సిస్టర్ చుట్టివస్తూ ఆ మంచం దగ్గర ఆగారు. ఆవిడ చేతిలో గడియారం, నిండు నిమిషం మౌనం. లెక్క 11. భుజం తట్టి పిలిస్తే ఆయన కళ్లు సగం తెరిచి మూసుకున్నారు. అరచేతులు వెచ్చగా, చెమ్మగా ఉన్నాయి. చేతులు చాచి మణికట్లు పైకి ఎత్తి పట్టుకోమని పదేపదే చెప్పి పట్టించేసరికి వేళ్లు పక్షి రెక్కల్లా ఆగి ఆగి కొట్టుకున్నాయి. కార్బన్ డయాక్సైడ్ పేరుకుందనడానికి అంతకన్నా గుర్తు అక్కర్లేదు. డ్యూటీ డాక్టరు వచ్చి ధమని రక్తం తీశారు. పీహెచ్ (ఇది తగ్గిన కొద్దీ రక్తం ఆమ్లంగా మారుతున్నట్టు) 7.24, కార్బన్ డయాక్సైడ్ పీడనం 78. ఉండవలసినవి 7.35 నుంచి 7.45, 35 నుంచి 45. ఆక్సీమీటర్ అప్పుడు కూడా 97 దగ్గరే వెలుగుతోంది.

ఇలా ఎందుకు జరుగుతుందో ఆ తరువాత డాక్టరును అడిగి తెలుసుకున్నాను. సీఓపీడీ రోగికి ఆక్సిజన్ ఎక్కువైతే ఊపిరి తీసుకోవాలన్న ప్రేరణ తగ్గిపోతుందని మేము బడిలో నేర్చుకున్నాం. అది కొంతవరకే నిజం. గాలి సరిగా చేరని ఊపిరితిత్తుల భాగాలకు శరీరం రక్తనాళాలను బిగించి రక్తాన్ని తగ్గించి, గాలి బాగా ఆడే భాగాలకు మళ్లిస్తుంది. ఆక్సిజన్ అతిగా ఇస్తే ఆ బిగింపు సడలి, రక్తం మళ్లీ పనిచేయని భాగాలకే పోయి, కార్బన్ డయాక్సైడ్‌ను వదిలించుకోకుండానే తిరిగివస్తుంది. ఆక్సిజన్‌తో నిండిన హీమోగ్లోబిన్ కార్బన్ డయాక్సైడ్‌ను మోయగల శక్తి కూడా తగ్గుతుంది. తప్పు తెలిసింది కదా అని ఆక్సిజన్‌ను ఒక్కసారిగా పీకేయకూడదని కూడా ఆ రాత్రే తెలిసింది. అలా చేస్తే ఆక్సిజన్ మొదట ఉన్నదానికన్నా కిందికి పడిపోతుంది. వెంచూరి మాస్కుకు తిరిగి మార్చి, 88 నుంచి 92 హద్దులోకి మెల్లగా దింపుతూ, మాస్కు ద్వారా గాలిని పీడనంతో లోపలికి తోసి ఊపిరికి సాయపడే బైపాప్ యంత్రాన్ని తెచ్చాం.

బైపాప్ గురించి పుస్తకంలో పీడనాలు ఉంటాయి, భయం ఉండదు. ఊపిరాడక ఉక్కిరిబిక్కిరి అవుతున్న మనిషి ముఖానికి బిగుతైన మాస్కు పెట్టి గాలి లోపలికి తోస్తే ఆయనకు ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించాలి. సీనియర్ సిస్టర్ పట్టీలు అసలు ముట్టుకోలేదు. మాస్కును తన చేత్తోనే ఆయన ముఖానికి ఆనించి పట్టుకుని, “నాన్నగారూ, గాలి తోసినప్పుడు దాన్ని రానివ్వండి, ఆపకండి. ఇష్టం లేకపోతే చెయ్యి ఎత్తండి, తీసేస్తాను” అని చెవి దగ్గర చెబుతూ, ఆయన రెండుసార్లు చెయ్యి ఎత్తితే రెండుసార్లూ తీసి చూపించారు. మూడోసారి ఆయన చెయ్యి ఎత్తలేదు. అప్పుడు పట్టీలు వేసి, పట్టీకీ చెంపకూ మధ్య రెండు వేళ్లు దూరేంత సందు ఉంచారు. ఎక్కువ బిగిస్తే ముక్కు దూలం మీద కొద్ది గంటల్లోనే పుండు పడుతుంది కనుక అక్కడ ముందే మెత్తని పట్టీ అంటించాం. వాంతి వస్తే మాస్కులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఒక్క లాగుతో ఊడివచ్చే కొక్కెం ఏ వైపు ఉందో నా చేత పట్టి చూపించారు. గంట తరువాత తీసిన రక్తంలో పీహెచ్ 7.29. తెల్లవారేసరికి 7.34. ఆయన నన్ను గుర్తుపట్టి మంచినీళ్లు అడిగారు.

డ్యూటీ దిగేలోపే ఘటన నివేదిక రాసి సంతకం పెట్టాను. ఆ మధ్యాహ్నం డాక్టరూ నేనూ కలిసి ఆయనకూ ఆయన కుమారుడికీ జరిగినదంతా చెప్పాం. చెప్పేటప్పుడు నా గొంతు వణికింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “మళ్లీ ఎవరూ అట్లా పెట్టకుండా ఏమన్నా ఉపాయం ఉందా అమ్మా?” అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్న నాతోనే ఉండిపోయింది.

తరువాతి నెలల్లో గొంతుకు రంధ్రం చేసి ట్రకియాస్టమీ గొట్టం అమర్చిన రోగులను చూసుకోవడం నేర్చుకున్నాను. కఫం తీసే సక్షన్ గొట్టం, ట్రకియాస్టమీ గొట్టం లోపలి వెడల్పులో సగానికి మించకూడదు. ముందు ఆక్సిజన్ ఇచ్చి, గొట్టాన్ని లోపలికి పంపేటప్పుడు పీల్చకుండా, బయటికి తీసేటప్పుడే పీలుస్తూ, మొత్తం పని పది పదిహేను సెకన్లలో ముగించాలి. ఆ సెకన్లు ఎంత పొడవైనవో తెలియడానికి మేము కూడా ఊపిరి బిగబట్టి చేసేవాళ్లం. నాకు దమ్ము చాలకపోతే రోగికి ఎప్పుడో చాలలేదన్నమాట. గంటగంటకూ లెక్క ప్రకారం సక్షన్ చేయకూడదు. గరగర వినబడినప్పుడు, కఫం కనబడినప్పుడు, ఊపిరి వేగం పెరిగినప్పుడు చేయాలి. అంటే ఇక్కడా చూడాలి, వినాలి, లెక్కపెట్టాలి. మంచం పక్కన అదే సైజు గొట్టం ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. వీరికి గొంతు పలకదు కాబట్టి చేతికందేచోట గంట, పలక ఉంచుతాం. ఒకావిడ పలక మీద వంకర అక్షరాలతో “రాత్రి గంట దూరం” అని రాసి చూపించారు. గంట ఆవిడ చేతికి అందని బల్ల మీద ఉంది. అప్పటినుంచి దీపం తగ్గించే ముందు గంటను దిండు పక్కకు చేర్చి, ఒకసారి మోగించి చూపించమని అడుగుతాను.

ఉబ్బసంతో వచ్చిన ఒక యువతి విషయంలో మాత్రం నిమిషం లెక్క సమయానికి అక్కరకొచ్చింది. వచ్చినప్పుడు పిల్లికూతలు గుమ్మం దగ్గరికే వినిపించాయి. గంట తరువాత అవి తగ్గాయి. పక్కన ఉన్న తల్లి నెమ్మదించిందని ఊపిరి పీల్చుకుంది. నేను లెక్కపెడితే శ్వాస 34, నాడి 130 దాటింది, ఒక్కొక్క మాటకే ఆగుతోంది, కళ్లు వాలిపోతున్నాయి. స్టెతస్కోపు పెడితే రెండు వైపులా గాలి చప్పుడే దాదాపు లేదు. ఊపిరిగొట్టాలు తెరుచుకుంటే కూతలు తగ్గుతాయి. కూత వేయడానికి కూడా గాలి ఆడనప్పుడూ తగ్గుతాయి. వెంటనే అత్యవసర పిలుపు ఇచ్చాను. మందును తుంపరగా మార్చి పీల్పించే నెబ్యులైజర్‌ను ఆక్సిజన్‌తో నడిపి, అందులో ఊపిరిగొట్టాలను తెరిచే సాల్బ్యుటమాల్, ఇప్రాట్రోపియం పెట్టాం, సిరలోకి మెగ్నీషియం ఎక్కించారు. సీఓపీడీ వారికి ఇవే మందులను నెబ్యులైజర్‌లో గాలితో నడిపి, అవసరమైన ఆక్సిజన్‌ను ముక్కు గొట్టాలతో విడిగా ఇస్తాం. ఉబ్బసానికి ఆక్సిజన్‌తోనే నడుపుతాం. కాసేపటికి ఆమె ఛాతీలో కూతలు మళ్లీ మొదలయ్యాయి. కూతలు వినబడినందుకు అంత సంతోషించడం నాకు అదే మొదటిసారి.

సీఓపీడీ పెద్దాయన పదకొండో రోజు ఇంటికి వెళ్లారు. వెళ్లే ముందు ఇన్‌హేలర్ ఎలా వాడుతున్నారో చూపించమన్నాను. ఎన్నో ఏళ్లుగా వాడుతున్నానని చెబుతూనే, ఊపిరి పూర్తిగా లోపలికి తీసుకున్నాక మీట నొక్కారు. మందంతా నోట్లోనే పడింది. ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య ఉండే స్పేసర్ గొట్టం తగిలించి, డబ్బా బాగా కుదిపి, ముందు ఊపిరి వదిలి, నొక్కి, నెమ్మదిగా లోతుగా పీల్చి, పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టడం మూడు రోజులు చేయించాను. నేను చేసి చూపించడం కాదు, ఆయన నాకు చేసి చూపించడమే పద్ధతి. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ తరువాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలని, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుందని చెప్పాను. నాలుగడుగులు వేసి ఆయాసం రాగానే నిలబడి, ముక్కుతో రెండు అంకెల సేపు పీల్చి, ఈల వేసేటప్పటిలా పెదవులు సున్నా చుట్టి నాలుగు అంకెల సేపు వదలడం వరండాలో ఆయనతో కలిసి నడుస్తూ చేశాను.

ఆయన అడిగిన ఉపాయం ఉందని అప్పటికి తెలిసింది. ఇలాంటి రోగుల దగ్గర ఆక్సిజన్ హెచ్చరిక కార్డు ఉండాలి; అంబులెన్స్‌లో గానీ మరో ఆసుపత్రిలో గానీ ఆ కార్డు చూడగానే ఎంత శాతం మించకూడదో అక్కడివారికి తెలుస్తుంది. డాక్టరు సంతకంతో ఆ కార్డును నేనే రాశాను: ఈ రోగికి కార్బన్ డయాక్సైడ్ పేరుకునే స్వభావం ఉంది, ఆక్సిజన్ శాతం 88 నుంచి 92 మధ్య ఉంచండి, వెంచూరి మాస్కు వాడండి. ఆయన దాన్ని కొడుకు చేత రెండుసార్లు పైకి చదివించుకుని, మడవకుండా చొక్కా జేబులో పెట్టుకున్నారు. చక్రాల కుర్చీ కదిలే ముందు నేను ఆయన మణికట్టు పట్టుకుని నిలబడ్డాను. లెక్క 22. చార్టులో ఆఖరి గడి నింపి, కిందికి తీసుకెళ్లమని చెప్పాను.